బతికినందుకు ఒక పూట అన్నం

రాజప్ప అబద్ధాలకోరు కాదు. మామిడి వ్యాపారం చేసేవాణ్ణి పట్టుకుని ఈ మాటంటే వేప్పనపల్లి చుట్టుపక్కల నవ్వుతారు గానీ, నిజంగానే కాదు. కాయకు మచ్చుంటే మచ్చుందనే చెబుతాడు. తోట గుత్తకు పట్టినప్పుడు గాలివాన వచ్చి సగం కాపు రాలిపోయినా ఇచ్చిన మాట తప్పడు. అలాంటి మనిషి కృష్ణగిరిలో వకీలు ముందు కూర్చుని, పక్కన కన్నకూతుర్ని పెట్టుకుని, బతికున్న అక్కను చచ్చిపోయిందనేశాడు. అన్నది అబద్ధమని ఆ క్షణాన అతనికి తోచను కూడా లేదు. అసలు సిగ్గు అక్కడుంది.

సంగతేమిటంటే, పోయినేటి వానలకు రాజప్ప ఇంటి పడమటి గోడ కూలిపోయింది. పాతకాలపు మట్టిగోడ. మిగిలిన సగం ఇంట్లోనే సర్దుకుంటున్నారు. భార్య సరోజ టార్పాలిన్ కింద పొయ్యి పెట్టుకుని, గాలి వీచినప్పుడల్లా మొగుణ్ణీ మేఘాన్నీ కలిపి తిడుతోంది. ఇల్లు కట్టాలంటే బ్యాంకు అప్పు తప్ప దారి లేదు. మామిడి వ్యాపారికి జీతం చీటీ యాడ నుంచి వస్తుంది? కూతురు భూమికకు వచ్చింది. హోసూరులో ఫోన్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఆ పిల్లకు ఉద్యోగం. తండ్రీ కూతుళ్ల పేర్ల మీద కలిపి అప్పిస్తామన్నారు బ్యాంకువాళ్లు. స్థలం కాగితాలు మా వకీలు చూసి సరే అంటే చాలు, డబ్బు మీదే అన్నారు.

వకీలు పేరు చంద్రశేఖర్. నిదానస్తుడు. రాజప్ప పట్టా చూపించాడు, ఇంటిపన్ను రశీదులు చూపించాడు, ఆ స్థలం మీద వేరే అప్పులూ తగాదాలూ లేవని తెలిపే విల్లంగం కాగితం కూడా చూపించాడు. వకీలు అన్నీ పక్కన పెట్టి, అడుగున ఉన్న పాత పత్రం తీసి చదివాడు. రాజప్ప అవ్వ, అంటే నాయిన తల్లి, ఆ స్థలాన్ని మనవడికీ మనవరాలికీ సమానంగా రాసిచ్చిన పత్రం అది.

"పట్టా నీ పేరున ఉంటే చాలదప్పా. ఈ జాగా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో బ్యాంకుకు తెగకుండా కనపడాల. ఈ మునిరత్నమ్మ ఎవరు? సగం ఆమెది గదా. ఆమె తన భాగం నీకు విడిచి రాసియ్యాల" అన్నాడు.

"ఆమె లేదు సార్. సచ్చిపోయింది."

"అట్లనా. అయితే డెత్ సర్టిఫికెట్టూ, ఆమె వారసులెవరో తాలూకా ఆఫీసులో ఇచ్చే కాగితమూ తెచ్చియ్యి. అవి లేకుండా నేను సరే అని రాసేది లేదు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా పెద్దలు!

బయటికి రాగానే భూమిక అడిగింది. "నాయినా, నాకు అత్త ఉన్నిందా?"

"ఉన్నింది."

"ఏమై సచ్చిపోయింది?"

"జొరం" అన్నాడు రాజప్ప. ఒకటి అయ్యాక రెండోది ఎంత సులువుగా వచ్చిందో! అని, బస్టాండుకు తిన్నగా పోయే దారి వదిలి, టైర్ల అంగడి పక్క సందులోకి తిరిగాడు.

"బస్టాండు ఇట్ల గదా నాయినా?"

"ఎండ. నీడన పోదాం రామ్మా."

నీడ ఉన్నది ఆ తిన్నటి దారిలోనే. సందులో మాడు పగిలే ఎండ. తిన్నటి దారిలో, బస్టాండు వెనక, ఒక ఇడ్లీ అంగడి ఉంది. దాన్ని నడిపేది మునిరత్నమ్మ.

ముప్పై ఏళ్లు కావస్తోంది. రాజప్ప అప్పుడు పదో తరగతి. ఇంటి గోడలకు గిలాబు పూయడానికి మాదేశ్ అనే మేస్త్రి వచ్చాడు, ఊరు తక్కువగా చూసే కులం పిల్లవాడు. పని ముగించి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు మునిరత్నమ్మ, రాజప్పకు రత్నక్క, ఆమె కూడా వెళ్లిపోయింది. ధర్మపురి దగ్గర ఏదో గుళ్లో పెళ్లి చేసుకున్నారని తెలిసింది. రాజప్ప నాయిన వాకిట్లో కూర్చుని నెత్తిన నీళ్లు పోసుకుని, నా కూతురు చచ్చిందన్నాడు. అన్నవాడు అక్కడితో ఊరుకుంటే కోపమనుకోవచ్చు. ఊరుకోలేదు. గడ్డితో బొమ్మ చేయించి, దానికి రత్నక్క పసుప్పచ్చ వోణీ చుట్టించి, తమ్ముడు రాజప్పకు గుండు కొట్టించి, ఆ తమ్ముడి చేతే కొరివి పెట్టించాడు. పదకొండో నాడు ఊరందరికీ అన్నం. రత్నక్కకు ఇష్టమని ఒబ్బట్లు చేయించి, ఆకులో పెట్టి దొడ్డిగోడ మీద కాకికి ఉంచారు. కాకి ముట్టితేనే పోయినవాళ్లకు తృప్తి అని, అంతదాకా ఎవరూ బంతికి కూర్చోకూడదని ఆ ఊళ్ల నమ్మకం. కాకి ముట్టిందని రాజప్పే పరుగెత్తుకొచ్చి చెప్పాడు. ఊరు కూర్చుని తింది.

తిన్న తర్వాత ఇక ఆ మనిషి లేనట్టే. చావు కూడు తిన్న నోటితో ఆ పేరు పలకరు. నాయిన పోయినప్పుడు రత్నక్కకు కబురు పెట్టలేదు. అమ్మ పోయినప్పుడూ పెట్టలేదు. చనిపోయినవాళ్లకు ఎవరైనా చావు కబురు పెడతారా? రాజప్పకు అదంతా అలవాటైపోయింది. కృష్ణగిరి బస్టాండులో ఆమెను ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ టైర్ల అంగడి సందు పట్టుకున్నాడు.

సర్టిఫికెట్ కోసం రాజప్ప తమ ఊరి రెవెన్యూ పనులు చూసే వి.ఏ.ఓ. దగ్గరికి వెళ్లాడు. కొత్తగా వచ్చిన తమిళాయన, ఊరి పాత సంగతులు తెలియవు. అంత పాత చావును ఇప్పుడు నమోదు చేయాలంటే ఊళ్లో పెద్దవాళ్లు ఇద్దరు వచ్చి చెప్పాలి, నేను విచారించి పైకి రాయాలి అన్నాడు. రాజప్ప ఇద్దర్ని తీసుకొచ్చాడు. ఒకరు వెంకటేశులు, నాయినకు స్నేహితుడు. ఇంకొకరు పక్కింటి సుబ్బక్క, ఊళ్లో అందరికంటే ముసలిది. ఆదివారం కావడంతో హోసూరు నుంచి వచ్చిన భూమిక కూడా వెంట ఉంది.

"ఆమె చనిపోయిందా?" అని వి.ఏ.ఓ. అడిగాడు.

"ఓ, నిక్షేపంగా సచ్చిపోయింది" అన్నాడు వెంకటేశులు. "పదకొండో దినం అన్నం నేను తిన్నాను గదా సార్. పప్పులో ఉప్పు తక్కువ. ఇప్పటికీ గ్యాపకం ఉండాది."

వి.ఏ.ఓ. తల ఊపి, సుబ్బక్క వైపు తిరిగాడు. "నువ్వు కూడా తిన్నావామ్మా?"

"తిన్నాను నాయినా, ఎందుకు తినలేదు" అంది సుబ్బక్క. "ఆ పొద్దు ఆమె సచ్చిన అన్నం తిన్నాను. పోయిన నెల కంటాసుపత్రికి పోయినప్పుడు కృష్ణగిరి బస్టాండులో ఆమె చేతి ఇడ్లీ కూడా తిన్నాను. డబ్బులిస్తే తీసుకోలే. మా రాజా బాగుండాడా అని అడిగింది."

వెంకటేశులు పైకప్పు చూశాడు. వి.ఏ.ఓ. కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"బతికుండే మనిషిని నా చేత చంపిస్తావా రాజప్పా? నా ఉద్యోగం పోతే నువ్వు తెచ్చిస్తావా?"

రాజప్పకు తల కొట్టేసినంత పనైంది. వి.ఏ.ఓ. తిట్టినందుకు కాదు. పక్కన భూమిక తన వైపు చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూస్తోంది.

ఇంటికి వచ్చాక వాకిలి దగ్గర చెప్పులు విడుస్తూ భూమిక అంది, "నాయినా, రేపు నేను నీకు నచ్చని పనేదన్నా చేస్తే, నాకు కూడా ఊరికి అన్నం పెడతావా?"

టార్పాలిన్ కింద సరోజ తిరగమోత ఆపి విన్నది. ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

మరుసటి రోజు భూమిక సెలవు పెట్టి, తండ్రిని వెంటబెట్టుకుని కృష్ణగిరి బయల్దేరింది. బస్సు దిగాక సందు వైపు తిరగకుండా చెయ్యి పట్టుకుని మరీ తిన్నటి దారిన నడిపించింది. అంగడి ముందు రత్నక్క ఇడ్లీ పాత్ర మూత తీస్తోంది. జుట్టు నెరిసింది, ఒళ్లు చేసింది. తల ఎత్తి చూసి, ఏడవలేదు, అరవలేదు.

"ఏమిరా రాజా, ఈ పొద్దు దారి తప్పి ఈ పక్కకు వచ్చినావే?"

రాజప్ప కళ్లు టైర్ల అంగడి వైపు పోయాయి.

"నేను చూడలేదనుకున్నావా?" అంది ఆమె. "బస్సు దిగేది, తల వంచుకునేది, టైర్ల అంగడి సందులో దూరేది. అంత దూరం నుంచైనా నీ నడక నాకు తెలీదా రా? నీకు నడక నేర్పింది నేను గదా."

మాదేశ్ లోపల్నుంచి వచ్చి, భుజం మీది తువ్వాలుతో బెంచీ తుడిచి, "కూర్చోండప్పా" అన్నాడు. వయసులో పెద్దవాడు, అక్క మొగుడు, తనను మీరంటున్నాడు. బావా అని పిలవాలని రాజప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. ముప్పై ఏళ్లు వాడని మాట అంత సులువుగా ఎలా వస్తుంది?

భూమికే కూర్చుని అంతా చెప్పింది. కూలిన గోడ, బ్యాంకు, వకీలు అడిగిన సంతకం. చివరికి చావు సర్టిఫికెట్ సంగతి కూడా దాచలేదు. రాజప్ప ప్లేటులో ఇడ్లీ ముట్టుకోకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. రత్నక్క విని, గరిటె కింద పెట్టింది.

"అవ్వ ఇచ్చిన జాగాలో నేను వచ్చి కాపురం చేస్తానా? పెడతాను సంతకం. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను."

"అక్కా..." అన్నాడు రాజప్ప.

"ఉండు. నాది ఒక కోరిక ఉండాది. సంతకానికీ దానికీ ముడిపెట్టేది లేదు. చేస్తే చెయ్యి, లేదంటే లే." ఆమె చేతులు తుడుచుకుంది. "నేను సచ్చినానని ఊరికి అన్నం పెట్టినారు గదా. బతికినానని ఒక పూట పెట్టు. నేను కూడా వచ్చి బంతిలో కూర్చుంటాను."

"పెడతానక్కా" అన్నాడు రాజప్ప వెంటనే. సిగ్గులో ఉన్న మనిషి ఏదైనా ఒప్పుకుంటాడు.

రిజిస్ట్రారు ఆఫీసులో పని ఒక్క పూటలో అయిపోయింది. ఆమె వేలిముద్ర వేసింది, ఫోటోకు నిలబడింది, తన భాగం తమ్ముడికి విడిచిపెట్టింది. ఈమె మీకేమవుతుందని గుమాస్తా అడిగితే రాజప్ప "అక్క" అన్నాడు. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాడు ఆయన. పుట్టింటివాళ్లు పెట్టే చీర అని సరోజ ఇచ్చి పంపిన పట్టుచీర రాజప్ప ముందుకు చాపితే రత్నక్క తీసుకోలేదు. "అన్నం దినం ఇద్దువులే" అని బస్సెక్కింది.

వకీలు సరే అన్నాడు. బ్యాంకువాళ్లు స్థలం తాకట్టు రాయించుకున్నారు. డబ్బు ఒక్కసారిగా ఇవ్వరు కదా, పునాది లేస్తే కొంత, గోడలు లేస్తే కొంత. ప్రతిసారీ బ్యాంకు ఇంజనీరు వచ్చి, కట్టిన మేరకు కొలిచి, ఫోటో తీసుకుని పోతాడు. పునాది లేచింది. గోడలు కిటికీల ఎత్తుకు వచ్చాయి. అన్నం మాత్రం పెట్టలేదు.

సాకులకేం తక్కువ! మామిడి కాపు కాలం, తీరిక లేదు. తర్వాత ఆషాఢం. ఆ తర్వాత సిమెంటు దొరకలేదు. సరోజ కూడా ఒకటి అందించింది. "సంతకం అయిపోయింది గదా. ఇప్పుడు పోయి పోయి ఊరంతా నవ్వేదానికి అన్నం యాల? గృహప్రవేశానికి పిలుస్తాం, వచ్చి తినిపోతుంది. అన్నమే గదా అదీ."

మాట సబబుగానే ఉందనిపించింది రాజప్పకు. అలా అనిపించినందుకు లోపల గుచ్చుకుంది కూడా. భూమిక ఆదివారం ఇంటికి వచ్చినప్పుడల్లా గోడల ఎత్తు చూసేది, తండ్రి మొహం చూసేది, "అత్తకు అన్నం ఎప్పుడు?" అనేది. కొన్నాళ్లకు అడగడం కూడా మానేసింది. రత్నక్క మాత్రం ఒక్కసారీ ఫోన్ చేయలేదు. ఒక్కమాట తిట్టి ఉంటే రాజప్ప కూడా ఒక్కమాట అని తేలికపడేవాడు. ఆ అవకాశం ఆమె ఇవ్వలేదు.

కిటికీల మీద సజ్జా పోసిన వారం, బ్యాంకు పని మీద రాజప్ప కృష్ణగిరిలో బస్సు దిగాడు. ఏదో ఆలోచిస్తూ నడుస్తున్నాడు. ఎండ మాడు మీద చురుక్కుమంటే తల ఎత్తి చూశాడు. టైర్ల అంగడి సందులో ఉన్నాడు.

ఎవరూ అటు వెళ్లమనలేదు. కాళ్లే తీసుకొచ్చాయి. సొంత కాళ్ల మీద అసహ్యం వేసింది అతనికి. అక్క చూసే ఉంటుంది. ఇంకా బుద్ధి రాలేదు వీడికి అనుకుని, ఇడ్లీ పాత్ర మూత పెట్టి ఉంటుంది. వెనక్కి తిరిగి ఆమె ముందుకు వెళ్దామంటే, ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? బ్యాంకు పని కూడా చూసుకోకుండా తిరుగు బస్సెక్కాడు.

తెల్లారి స్నానం చేసి, కుంకుమ భరిణె పట్టుకుని పిలుపులకు బయల్దేరాడు. మొదటి ఇంట్లో, "ఏమప్పా విశేషం? గృహప్రవేశమా?" అన్నారు.

"కాదు. ఊరికే, అన్నానికి."

రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇల్లు సుబ్బక్కది. ఆమె బొట్టు పెట్టించుకోకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊరికే అన్నం ఎవడురా పెడతాడు? సరిగ్గా చెప్పు. చావుకు పిలిచేటప్పుడు మీ నాయినకు నోరు బాగా తిరిగింది గదా. బతుక్కు పిలిచేదానికి నీకు తిరగదా?"

రాజప్ప గడపలో నిలబడి, చెమట తుడుచుకుని అన్నాడు. "మా రత్నక్క బతికుంది సుబ్బక్కా. ఆమె బతికుందని అన్నం పెడతా ఉండాము. వచ్చి తినిపోవాల."

"వస్తాను పో" అని నుదురు చాపింది ముసలామె.

అతను మొదటి రెండిళ్లకూ తిరిగి వెళ్లి, మళ్లీ సరిగ్గా చెప్పి వచ్చాడు. ఊరంతా అదే మాట. కొందరు నవ్వారు. కొందరు తల వంచుకున్నారు, తిన్నది వాళ్లూ కదా. వెంకటేశులు మాత్రం ఉయ్యాల దిగకుండానే, "సచ్చిందని తిన్న నోటితో బతికిందని ఎట్ల తినేదప్పా? ఊరి మర్యాద ఒకటి ఉండాది గదా" అన్నాడు. రాజప్ప అతనికీ దండం పెట్టి వచ్చేశాడు.

పైకప్పు లేని కొత్త గోడల మధ్యే బంతి వేశారు. సరోజ, ఏమనుకుందో ఏమో, తనే పూనుకుని ఒబ్బట్లకు పూర్ణం రుబ్బింది. రత్నక్క మాదేశ్‌తో వచ్చింది. భూమిక వాకిట్లో ఎదురెళ్లి కాళ్లకు నీళ్లిచ్చింది. రాజప్ప ముందుకొచ్చి, "రా బావా" అన్నాడు. ఆ మాట బొంగురుగా వచ్చింది గానీ, వచ్చింది. మాదేశ్ ఇటుక గోడ మీద చెయ్యి వేసి చూసి, "పని బాగుండాది" అన్నాడు.

వేసిన ఆకుల్లో కొన్ని ఖాళీగా మిగిలాయి. వెంకటేశులు రాలేదు, అతని వైపువాళ్లూ రాలేదు. మిగిలిన ఊరు వచ్చింది. రత్నక్క సుబ్బక్క పక్కన కూర్చుంది, కొత్త పట్టుచీర ఒళ్లో పెట్టుకుని. రాజప్ప తనే వడ్డించాడు. అక్క ఆకులో ఒబ్బట్టు వేసి, నెయ్యి పోయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అప్పుడు కూడా నాకు ఒబ్బట్టు పెట్టినారంట గదా. సుబ్బక్క చెప్పింది."

"పెట్టినామక్కా."

"కాకి తినిందా?"

బంతిలో అందరూ వింటున్నారు. తింది అంటే అయిపోయేది. ఇన్నేళ్లూ అదే చెప్పాడు, నిజం అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. రాజప్ప నేల చూశాడు.

"కాకి రాలేదక్కా. శానా సేపు చూసినాను. ఒక్కటి కూడా రాలే. ఊరంతా ఆకలితో ఉండారు, నాయిన నన్నే చూస్తా ఉండాడు. పొద్దుట్నుంచి నేను కూడా ఏమీ తినలేదు. గోడ పక్కన కూర్చుని నేనే తినేసినాను. తినేసి, కాకి ముట్టిందని చెప్పినాను."

రత్నక్క ఒబ్బట్టు తుంచి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలి మింగింది.

"చూడు మరి. నేను బతికుండానని కాకికి తెలిసింది రాజా" అంది. "నెయ్యి పొయ్యి."

రాజప్ప పోశాడు. సగం ఆకు బయట పడింది. పక్క ఆకు దగ్గర సుబ్బక్క, తనకూ పోయమని చెయ్యి చాపి చూస్తోంది.